ప్రార్థన రాని రోజుల్లో ఏ ప్రార్థన చదువుకోవాలి?

ప్రార్థన అంటే కళ్ళు మూసుకుని, అప్పటికప్పుడు గుండెలోంచి పొంగుకొచ్చిన మాటలతో చేసేదని మన సంఘాల్లో చాలామందికి చిన్నప్పటి నుంచీ నేర్పారు. పుస్తకం చూసి చదివితే అది ప్రార్థన కాదు, పాఠం అన్నారు. బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఈ మాట ఇంకా గట్టిగా నాటుకుంది. బాగున్న రోజుల్లో దీంతో ఇబ్బందేమీ లేదు. తండ్రి పోయి నెల తిరగని కొడుకు, గర్భం నిలవక కుమిలిపోతున్న అమ్మాయి, ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పుకోలేని మనిషి, ఏళ్ళ తరబడి పరిచర్య చేసి లోలోపల ఎండిపోయిన పాస్టరుగారు మోకాళ్ళమీద కూర్చుంటే మాత్రం నోరు పెగలదు. "నాకు ప్రార్థన రావడం లేదు" అని ఎవరితోనైనా అంటే, "ఇంకా ఎక్కువ ప్రార్థించు" అన్నదే జవాబు.

అలాంటివాళ్ళ కోసమే ఈ వ్యాసం. ఇతరులు రాసిపెట్టిన ప్రార్థనలు రెండు వేల ఏళ్ళుగా సంఘం దగ్గర పోగుపడి ఉన్నాయి. ఏది మంచిదని అడిగితే అన్నీ మంచివే. మీకు ఈ వారం ఏది పనికొస్తుందన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు మీ డినామినేషన్‌ను బట్టి కాకుండా, మీ నోరు ఎందుకు మూగబోయిందన్నదాన్ని బట్టి వెతుక్కోవాలని నా గట్టి అభిప్రాయం.

ముందుగా చాలామంది మనసులో మెదిలే వాక్యం సంగతి. "వ్యర్థమైన మాటలు వచింపవద్దు" అని మత్తయి 6:7లో ఉంది కదా, రాసిన ప్రార్థన పదేపదే చదవడం అదే కదా అని అడుగుతారు. ఇంకో రెండు వచనాలు కిందికి వెళ్ళండి. ఆ మాట చెప్పిన యేసే "కాబట్టి మీరీలాగు ప్రార్థనచేయుడి" అని తయారుగా ఉన్న ప్రార్థనను శిష్యుల చేతిలో పెట్టాడు. గెత్సేమనేలో ఆయనే "ఆ మాటలే చెప్పుచు" మూడోసారి ప్రార్థించాడని మత్తయి 26:44 చెబుతుంది. సిలువమీద "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్నప్పుడు ఆయన నోట వచ్చింది 22వ కీర్తన మొదటి వాక్యం. అంత వేదనలో ఆయన పాత మాటలే పట్టుకున్నాడు. చేప కడుపులో యోనా చేసిన ప్రార్థన చూసినా అందులో కీర్తనల పంక్తులే ఎక్కువగా వినిపిస్తాయి.

ఇంకో మాట. సొంతంగా చేస్తున్నామనుకునే ప్రార్థనలకూ ఒక రాయని పుస్తకం ఉంది. "ప్రేమగల మా పరలోకపు తండ్రీ, నీ పరిశుద్ధ నామమునకు వందనాలు, స్తోత్రాలు. గడచిన కాలమంతా నీ కృపలో కాపాడి, సజీవుల లెక్కలో ఉంచినందుకు..." ఇందులో ఒక్క ముక్కైనా మనం కొత్తగా కనిపెట్టామా? పెద్దల నోటినుంచి విని నేర్చుకున్నవే. అవి నిజాయితీ లేని మాటలని కాదు. అరువు మాటలతో దేవుని దగ్గరికి వెళ్ళడం మనకేమీ కొత్త కాదని చెబుతున్నాను.

నోరు ఎందుకు రావడం లేదు?

ఒక కాగితం మీద ఒక్క వాక్యం రాసుకోండి. దుఃఖమా? దేవుని మీద కోపమా? చేసిన తప్పు గుచ్చుతోందా? నమ్మకమే సడలిందా? ఒంట్లో బాగోక, నిద్రలేక తల పనిచేయడం లేదా? లేక ఇవేవీ లేకుండానే అంతా చప్పగా, ఎండిపోయినట్టు ఉందా? దుఃఖంలో ఉన్న మనిషికి స్తుతి ప్రార్థన ఇస్తే కడుపు మండుతుంది. అపరాధ భావంతో రోజూ నలిగిపోతున్న మనిషికి పాపపు ఒప్పుకోలు ఇస్తే ఇంకా లోతుకి దిగిపోతాడు. జ్వరంతో ఉన్నవాళ్ళ చేతిలో నాలుగు పేజీల ప్రార్థన పెడితే రెండో పేరాకే పుస్తకం మూసేస్తారు.

కీర్తనల గ్రంథం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్ళు ఇక్కడే మొదలుపెట్టండి. కొత్త పుస్తకం కొనక్కర్లేదు, ఏ సంఘంవాళ్ళూ అభ్యంతరం చెప్పరు. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరపెట్టుకునేవే. మనం మాత్రం ఆదివారం 23, 91, 103, 121 చుట్టూనే తిరుగుతుంటాం. మిగతావి బైబిల్లో ఉన్నాయన్న సంగతే మర్చిపోయేంతగా తిరుగుతాం.

మీ పరిస్థితే 77వ కీర్తన నాలుగో వచనంలో ఉంది: "నీవు నా కన్నులు మూతపడనీయవు. నేను కలవరపడుచు మాటలాడలేక యున్నాను." మాట్లాడలేకపోతున్నానన్న మాటే ప్రార్థన అయి, లేఖనంలో చేరింది.

దుఃఖానికి, ఎదురుచూపుకి 13వ కీర్తన కంటే మంచిది నాకు కనబడలేదు. ఆరే వచనాలు. మొదటి రెండూ వరసగా ప్రశ్నలే: "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?" ఎంతవరకు, ఎంతకాలము అని అడుగుతూనే ఉంటాడు. మూడు, నాలుగు వచనాల్లో అడగాల్సింది అడుగుతాడు: నావైపు చూడు, జవాబివ్వు, నా కన్నులకు వెలుగివ్వు. అయిదులో "నేనైతే నీ కృపయందు నమ్మిక యుంచియున్నాను" అంటాడు. దీన్ని ఇలా చదవండి. మొదటి రోజు మొదటి రెండు వచనాలు చాలు. గొంతు విప్పి చదవండి, ప్రతి ప్రశ్న తర్వాత ఆగండి. ఆ ఖాళీలో మీ సంగతి దానంతటదే వస్తే రానివ్వండి, రాకపోతే తర్వాతి ప్రశ్నకు వెళ్ళండి. అయిదో వచనం అబద్ధం చెబుతున్నట్టు అనిపిస్తే నాలుగు దగ్గరే ఆపేయండి. దావీదు పేరున్న ఆ కీర్తన నాలుగో వచనం నుంచి అయిదో వచనానికి ఎన్నాళ్ళలో చేరిందో ఎవరూ చెప్పలేదు. మీరూ తొందరపడక్కర్లేదు.

ఇంకా చీకటిగా ఉంటే 88. ఆ కీర్తన చివరికి కూడా వెలుగులోకి రాదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ముగుస్తుంది. ఇంట్లో ఎవరైనా బలవంతంగా పోయినప్పుడు, ఆత్మహత్య జరిగిన ఇంట్లో, నేను ముందు చూపించేది ఈ కీర్తననే. "అంతా మేలుకే" అని ఓదార్చే నోళ్ళ మధ్య, అలా అనని ఒక్క గొంతు బైబిల్లోనే ఉందని తెలిస్తే మనిషికి ఊపిరి ఆడుతుంది.

అన్యాయం జరిగి రక్తం మరుగుతున్నవాళ్ళకు 10వ కీర్తన: "యెహోవా, నీ వెందుకు దూరముగా నిలుచుచున్నావు?" పొలం గుంజుకున్నవాడి మీద, కూలి ఎగ్గొట్టినవాడి మీద, కులం పేరుతో తిట్టినవాడి మీద ఉన్న కోపాన్ని దేవుని ముందు పెట్టడానికి ఇది అక్కరకొస్తుంది. 109 ఇంకా ఘాటైనది, శాపాలతో నిండి ఉంటుంది. పక్కన అనుభవమున్న పెద్దలు ఎవరైనా ఉన్నప్పుడు చదివితే మంచిది.

పాపపు ఒప్పుకోలుకు సంఘం అనాదిగా ఏడు కీర్తనలు వాడుతోంది: 6, 32, 38, 51, 102, 130, 143. నిజంగా తప్పు చేసి, దాన్ని దింపుకోవాలనుకునేవాళ్ళకు 51 చాలు. క్షమాపణ అడిగి అడిగి ఇంకా నమ్మకం కుదరనివాళ్ళు మాత్రం ఈ ఏడింటినీ కొంతకాలం పక్కన పెట్టండి. వాళ్ళకు కావాల్సింది 103:14: "మనము మంటివారమని ఆయన జ్ఞాపకము చేసికొనుచున్నాడు."

కీర్తనలకూ ఒక చిక్కు ఉంది. శత్రువులు, సీయోను, అరణ్యపు గూడబాతు అంటూ దూరపు లోకంలా అనిపించే చోట్లు వస్తాయి. తల బరువెక్కి ఉన్న రోజున అవి దాటడం కష్టం. ఆ రోజుల్లో మొత్తం కీర్తన వద్దు, రెండు వచనాలు చాలు.

ప్రభువు ప్రార్థన

ప్రతి ఆదివారం చివర్లో గబగబా ముగించే ప్రార్థన ఇది. కంఠతా రావడం దీని బలం, అదే బలహీనత కూడా. నోరు నడుస్తూ ఉంటుంది, మనసు భోజనం దగ్గర ఉంటుంది. అందుకే దీన్ని ఎండిపోయినవాళ్ళకు ఇవ్వాలంటే పద్ధతి మార్చి ఇవ్వాలి.

ఆ పద్ధతి 1535 నాటిది. విట్టెన్‌బర్గ్‌లో మార్టిన్ లూథర్‌కు పీటర్ అనే మంగలి స్నేహితుడు ఉండేవాడు. ప్రార్థన ఎలా చేయాలని అతను అడిగితే లూథర్ ఒక చిన్న పుస్తకమే రాసి ఇచ్చాడు. పనుల ఒత్తిడిలో తన మనసు చల్లబడి, ప్రార్థన మీద ఇష్టం పోయినట్టు అనిపించినప్పుడు కీర్తనల పుస్తకం తీసుకుని గదిలోకి వెళ్తానని మొదట్లోనే చెప్పుకున్నాడు. అంతటి లూథర్‌కూ మనసు చల్లబడేదన్నమాట. అతను చెప్పిన పని చాలా సులువు. ప్రభువు ప్రార్థనలో ఒక్కో మనవినీ తీసుకుని, దాని దగ్గర ఆగి, దాన్ని మన మాటల్లో విప్పి చెప్పుకోవాలి. మధ్యలో ఒక మాట దగ్గర మనసు కరిగితే మిగతా మనవులు వదిలేసి అక్కడే ఉండిపోవచ్చని, ఆత్మ మాట్లాడుతుంటే మనం మౌనంగా వినాలని కూడా రాశాడు. మంగలి ధ్యాసంతా కత్తి మీదే ఉండాలి, కబుర్లు చెబుతూ గీస్తే ముక్కో గొంతో తెగుతుంది, ప్రార్థనకూ అంత ఏకాగ్రత కావాలని అతని వృత్తి నుంచే ఉదాహరణ చెప్పాడు. గుంటూరు ప్రాంతంలో 1842లో మిషనరీ హేయర్ దొరగారు అడుగుపెట్టినప్పటి నుంచీ లూథరన్ సంఘం మన మధ్య ఉంది. ఆ ఇళ్ళలో చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం కంఠస్థం చేయించినంత శ్రద్ధగా ఈ పద్ధతిని నేర్పించి ఉంటే బాగుండేది.

"మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్న దగ్గర ఇలా ఆగవచ్చు. ఈ నెల ఇంటి అద్దె. అమ్మ షుగర్ మాత్రలు. పక్కింటి వాళ్ళకు లేని బియ్యం. నేను వృథా చేసిన అన్నం. రేపటి గురించి కాదు, "నేడు". ఇలా రోజుకో మనవి తీసుకుంటే వారం గడిచిపోతుంది. ఉద్యోగం, అప్పులు, పిల్లల చదువుల ఆందోళనలో ఉన్నవాళ్ళకు ఇది బాగా పట్టు దొరికే ప్రార్థన.

ఒక జాగ్రత్త చెప్పాలి. తండ్రి చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళకు, తండ్రి వల్ల చెడిపోయిన బాల్యం ఉన్నవాళ్ళకు "మా తండ్రీ" అన్న మొదటి మాటే గొంతులో ముల్లులా అడ్డం పడవచ్చు. వాళ్ళను బలవంతపెట్టవద్దు. కాపరి, ఆశ్రయదుర్గం, కోట అని పిలిచే కీర్తనలు ఉన్నాయి. వాటితో మొదలుపెట్టనివ్వండి.

ఆరాధన క్రమంలోని ప్రార్థనలు

సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ సంఘాల్లో పెరిగినవాళ్ళ ఇంట్లో ఆరాధన క్రమం పుస్తకం ఎక్కడో అలమరలో ఉంటుంది. ఆదివారం గుడిలో తప్ప తెరవం. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సీఎస్ఐ ఏర్పడినప్పుడు ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవాళ్ళు తమతమ ప్రార్థనల వారసత్వాన్ని తెచ్చి కలిపారు. దోర్నకల్, మెదక్, కృష్ణా-గోదావరి, రాయలసీమ అధ్యక్ష మండలాల్లో ఈ రోజుకీ చదివే ప్రార్థనల్లో కొన్నింటి వేర్లు 1549లో థామస్ క్రాన్మర్ కూర్చిన ఇంగ్లీషు ప్రార్థన పుస్తకంలోనూ, ఇంకా వెనక్కి పోతే లాటిన్ ప్రార్థనల్లోనూ ఉన్నాయి.

ఈ పుస్తకంలో ముఖ్యంగా చూడాల్సినవి నాలుగైదు పంక్తుల చిన్న ప్రార్థనలు. వాటి కట్టుబడి ఒకటే. ముందు దేవుణ్ణి పిలుస్తాం. ఆయన ఎలాంటివాడో ఒక ముక్క చెబుతాం. ఒకే ఒక్కటి అడుగుతాం. ఎందుకు అడుగుతున్నామో చెబుతాం. క్రీస్తు పేరున ముగిస్తాం. ప్రభు రాత్రి భోజన ఆరాధన మొదట్లో వచ్చే ప్రార్థననే తీసుకోండి: హృదయాలన్నీ నీకు తెరిచే ఉన్నాయి, ఏ రహస్యమూ నీకు దాగదు, నీ ఆత్మతో మా ఆలోచనలను శుద్ధిచేయి, నిన్ను సంపూర్ణంగా ప్రేమించేలా. సారం ఇంతే. "నాలో ఏముందో నాకే తెలియడం లేదు" అనిపించే రోజున, తెలిసినవాడి ముందు నిలబడటానికి ఈ ప్రార్థన చాలు.

ఈ కట్టుబడి పట్టుబడితే మీ సొంత ప్రార్థన కూడా అదే అచ్చులో రాసుకోవచ్చు. "హాగరును అరణ్యంలో చూచిన దేవా, హైదరాబాదులో ఒంటరిగా ఉంటున్న మా చెల్లిని చూడు, తాను ఒంటరిది కాదని తనకు తెలిసేలా, యేసు నామమున" అంటే ఒక ప్రార్థన పూర్తయినట్టే. చేయిచేయి పట్టుకుని ఎలా ప్రార్థించాలో నేర్పే గుణం ఇన్ని రకాల్లో దీనికే ఎక్కువ.

ఎవరికి ఇది కుదరదు? కోపంలో, పచ్చి దుఃఖంలో ఉన్నవాళ్ళకు. వీటి భాష మర్యాదగా, సర్దిచెప్పినట్టు ఉంటుంది. ఏడుపు గొంతుకు అది బిగుతు చొక్కా. ఎండిపోయినవాళ్ళకు, క్రమం తప్పినవాళ్ళకు, రోజూ పొద్దున సాయంత్రం ఒక వేళ కావాలనుకునేవాళ్ళకు బాగా సరిపోతుంది. సాయంకాల ప్రార్థనలో "మా చీకటిని వెలిగించు, ఈ రాత్రి అపాయాల నుంచి కాపాడు" అని అడిగే చిన్న ప్రార్థన ఒకటుంది. రాత్రంటే భయపడేవాళ్ళు, నైట్ షిఫ్టు చేసే నర్సులు, సెక్యూరిటీ గార్డులు దాన్ని కంఠతా పట్టుకోవచ్చు.

ఒక్క వాక్యపు ప్రార్థనలు

జ్వరం, కీమోథెరపీ, ప్రసవం తర్వాతి నీరసం, నిద్రపట్టని మూడు గంటల వేళ ఇవేవీ పుస్తకం పట్టుకునే సమయాలు కావు. అప్పుడు ఒక్క వాక్యం కావాలి.

ప్రాచ్య సంఘాల్లో శతాబ్దాలుగా చెప్పుకునే ప్రార్థన ఇది: "ప్రభువైన యేసు క్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించు." లూకా 18వ అధ్యాయంలోని సుంకరి మాట, అదే అధ్యాయంలోని గుడ్డివాడి కేక కలిస్తే ఇదే. ఊపిరి పీలుస్తూ సగం, వదులుతూ సగం. ఐగుప్తు అరణ్యంలోని సన్యాసులు 70వ కీర్తన మొదటి వచనాన్ని ఇలాగే రోజంతా పట్టుకునేవారని అయిదో శతాబ్దంలో జాన్ కాసియన్ రాశాడు: దేవా, నన్ను విడిపించడానికి త్వరగా రా. వాళ్ళు తలుపు తీస్తూ, పని చేస్తూ, పడుకుంటూ అదే అన్నారు.

నమ్మకం సడలినవాళ్ళకు మార్కు 9:24లోని తండ్రి మాట: నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము. సందేహంలో ఉన్నవాళ్ళకు విశ్వాస ప్రమాణం మొత్తం చదవమనడం కంటే ఈ ఒక్క మాట మేలు. ఆ తండ్రి అపనమ్మకం దాచుకోకుండానే అడిగాడు, అతని కొడుకు బాగయ్యాడు.

జపమాల

కతోలిక సోదరులకు దీని గురించి నేను చెప్పాల్సిన పని లేదు. ఫిబ్రవరిలో గుణదల కొండకు నడిచి వెళ్ళే దారంతా జపమాల మోగుతూనే ఉంటుంది. పరలోక జపం ఒకటి, మంగళవార్త జపాలు పది, త్రిత్వ స్తోత్రం ఒకటి, అలా అయిదుసార్లు. పూర్తవడానికి ఇరవై నిమిషాలు పట్టవచ్చు. సంతోష, దుఃఖ, మహిమ దేవరహస్యాలకు తోడు 2002లో రెండవ జాన్ పాల్ పోపుగారు వెలుగు దేవరహస్యాలను చేర్చారు. చేతికి పని, నోటికి మాట, మనసుకు యేసు జీవితంలోని ఒక ఘట్టం ఇస్తుంది. కుదురుగా కూర్చోలేని మనసుకు ఈ మూడూ ఒకేసారి దొరకడం చిన్న సంగతి కాదు. అయిదు గుత్తులూ (పదేసి మంగళవార్త జపాల వరసలు) కుదరనప్పుడు ఒక్క గుత్తి చెప్పుకోండి. దుఃఖంలో ఉన్నప్పుడు దుఃఖ రహస్యాలే పట్టుకోండి.

మరియమ్మను ఉద్దేశించి చెప్పే జపానికి ప్రొటెస్టెంట్లలో చాలామంది మనస్సాక్షి ఒప్పుకోదు. దాన్ని గౌరవిస్తాను. అలాంటివాళ్ళు వేళ్ళమీద లెక్క పెట్టుకుంటూ పైన చెప్పిన "ప్రభువైన యేసు క్రీస్తూ" అనే ఒక్క వాక్యపు ప్రార్థన చేసుకోవచ్చు. చేతికి పని దొరుకుతుంది.

పేరున్న ప్రార్థనలు, ఫోన్లో వచ్చేవి

"నన్ను నీ సమాధాన సాధనంగా చేయి" అనే ప్రార్థనను ఫ్రాన్సిస్ అస్సీసీ పేరుతో అచ్చువేస్తుంటారు. నిజానికి అది 1912లో ఒక ఫ్రెంచి పత్రికలో మొదటిసారి కనబడింది. ఫ్రాన్సిస్ చనిపోయింది 1226లో. ప్రార్థన మంచిదే. కాకపోతే అది ఇవ్వగలిగే స్థితిలో ఉన్నవాళ్ళ ప్రార్థన. మంచాన పడ్డ అత్తగారిని రాత్రింబవళ్ళు చూసుకుంటూ అలసిపోయిన కోడలికి ఇది ఇవ్వకండి. ఆమె ఇప్పటికే ఇచ్చి ఇచ్చి ఉంది. మెథడిస్టులు కొత్త సంవత్సరంలో చదివే, 1755 నాటి నుంచి వస్తున్న వెస్లీ నిబంధన ప్రార్థనదీ అదే సంగతి. నేను నావాడను కాను, పనిలో పెట్టినా పక్కన పెట్టినా సరే అంటుంది. గొప్ప ప్రార్థన. లేచి నిలబడ్డాక చదవండి.

పడి ఉన్నప్పుడు చదవదగ్గది, హిట్లర్‌ను ఎదిరించిన జర్మన్ పాస్టరు డీట్రిక్ బొన్‌హోఫర్ రాసింది. 1943 క్రిస్మస్‌కు బెర్లిన్‌లోని టేగెల్ జైల్లో, తోటి ఖైదీల కోసం రాశాడు. నాలో చీకటి ఉంది, నీ దగ్గర వెలుగు ఉంది. నేను ఒంటరిని, నీవు విడిచిపెట్టవు. ఇలా తనలో లేనిదాన్ని ఒక్కొక్కటిగా దేవుని దగ్గర ఉన్నదాని పక్కన పెడుతూ పోతాడు. ఏకాగ్రత కుదరడం లేదు, నీ దారి అర్థం కావడం లేదు అని ఒప్పుకుంటాడు. 1945 ఏప్రిల్‌లో అతన్ని ఉరితీశారు. ప్రార్థించలేకపోతున్నానన్న సిగ్గుతో ఉన్నవాళ్ళకు నేను మొదట చెప్పే ఆధునిక ప్రార్థన ఇదే.

వాట్సాప్‌లో వచ్చేవాటి గురించి రెండు మాటలు చాలు. "ఈ ప్రార్థన ఏడు రోజులు చదివి పదిమందికి పంపితే అద్భుతం జరుగుతుంది" అన్నది కనబడగానే తీసేయండి. దేవునితో మాట్లాడటానికి షరతులు పెట్టే ప్రార్థన, నోరు రాని మనిషి మీద ఇంకో భారం వేస్తుంది.

ఏ భాషలో?

పాత అనువాదపు బైబిలు భాష గ్రాంథికం. కీర్తనలకు అది చక్కగా కుదురుతుంది. ఊపిరి పట్టి ఉంటుంది, చాలామందికి సగం కంఠతా వచ్చే ఉంటుంది. అర్థం కాని మాట దగ్గర ఆగిపోతుంటే వాడుక భాషలో వచ్చిన కొత్త అనువాదం పక్కన పెట్టుకోండి. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పుట్టి తెలుగు చదవలేని పిల్లలకు ఆడియో బైబిలు ఉంది. అమ్మమ్మ ఫోన్లో చదివి వినిపిస్తే ఇంకా మంచిది. వాళ్ళకు ఇంగ్లీషులో ప్రార్థించడం సులువైతే ఇంగ్లీషులోనే చేయనివ్వండి.

నన్ను అడిగితే

ఆప్తులు పోయారా? 13వ కీర్తన, దాంతో ఊరట లేకపోతే 88. దేవుని మీద కోపమా? 10. తప్పు చేశారా? 51 ఒకటి రెండు రోజులు, తర్వాత 103. తప్పు లేకున్నా తప్పు చేసినట్టే ఉందా? నేరుగా 103, ఒప్పుకోలు ప్రార్థనలు వద్దు. డబ్బు, బాధ్యతల బెంగా? ప్రభువు ప్రార్థన, రోజుకో మనవి. నమ్మకం సడలిందా? మార్కు 9:24. జబ్బు, నిద్రలేమి? ఒక్క వాక్యం. ఏమీ అనిపించడం లేదా? ఆరాధన క్రమంలోని ఉదయ, సాయంకాల ప్రార్థనలు, అనిపించినా అనిపించకపోయినా వేళకు. ఏదో ఒక్కటే ఎంచుకోండి. రెండు వారాలైనా దాన్ని మార్చకండి. రోజుకొకటి మారిస్తే ఏదీ నోటికి ఎక్కదు, నోటికి ఎక్కనిది అక్కరలో గుర్తుకు రాదు. కాగితం మీద మీ చేత్తో రాసుకోండి. ఫోన్లో తెరిస్తే నోటిఫికేషన్ వచ్చి మీ చేయి దానిమీదికే పోతుంది.

చదువుతుంటే మధ్యలో మీ సొంత మాటలు వస్తే కాగితం పక్కన పెట్టేయండి. రాకపోతే "ఆమేన్" అని లేవండి. "ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో" ఆత్మ మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26 చెబుతోంది, మిగతా పని ఆయనకు వదిలేయండి.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. ప్రార్థనే కాదు, తిండి, నిద్ర, పిల్లలతో మాట, దేనిమీదా మనసు పోకుండా వారాలు గడుస్తుంటే, చచ్చిపోతే బాగుండుననిపిస్తుంటే, అది విశ్వాసం తగ్గిందన్న గుర్తు కాదు. డిప్రెషన్ కావచ్చు. డాక్టరుగారి దగ్గరికి వెళ్ళండి. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడవచ్చు. 77వ కీర్తన చదువుతూనే మందులు వేసుకోవచ్చు.

మంచం పక్కన కూర్చున్నవాళ్ళకు

నోరు రానిది మీకు కాకుండా మీ ఇంట్లోవాళ్ళకైతే, ఆసుపత్రి మంచం పక్కన పొడవైన సొంత ప్రార్థన చేయకండి. వింటున్న మనిషి మీ మాటలు ఎటు పోతాయో తెలియక మరింత అలసిపోతారు. ఆయనకో ఆమెకో చిన్నప్పటి నుంచీ తెలిసినదే చదవండి: 23వ కీర్తన, 121, ప్రభువు ప్రార్థన. రెండోసారి చదివేటప్పుడు పెదవులు కదులుతాయేమో చూడండి, కదిలితే వేగం తగ్గించండి. చివరి ఘడియలని డాక్టర్లు చెప్పాక లూకా 2:29లోని సుమెయోను మాట ఉంది: "నాథా, యిప్పుడు నీ మాటచొప్పున సమాధానముతో నీ దాసుని పోనిచ్చుచున్నావు." దీన్ని ముందే పెద్ద అక్షరాల్లో రాసి సంచిలో పెట్టుకోండి, ఆ సమయంలో బైబిల్లో వెతకడానికి చేతులు ఆడవు. మీకు గొంతు పూడుకుపోతే చదవడానికి ఇంకొకరిని, మనవడినో పక్క మంచం వాళ్ళనో, ముందే అడిగి ఉంచండి.